కీలు మార్చినంతనే కాలు నడచునా?

అరకులోయలో జనజీవనమంతయు కాలినడకపై ఆధారపడియున్నది. సంతకు పోవలెనన్నను, ఊటనీరు తేవలెనన్నను, కాఫీపండ్లు కోయవలెనన్నను కొండవాలు ఎక్కిదిగక తప్పదు. అట్టి సీమలో తుంటికీలు చెడినవారికి బ్రతుకుదెరువే చెడును.

ఈ బాధ అచట వృద్ధులకు మాత్రమే వచ్చునది కాదు. తూర్పుకనుమల గిరిజనులలో సికిల్ సెల్ వ్యాధి వంశపారంపర్యముగా వచ్చుచున్నది. ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి సన్నని రక్తనాళములను మూయును. రక్తమందక తొడయెముక తల క్రమముగా కూలును. అందుచేత యువకులకు సైతము కీలుమార్పిడి అవసరమగుట కలదు. చికాగో వైద్యుడు జేమ్సు హెరిక్ 1910లో ఈ కణములను వర్ణించెను. మన దేశమున 1952లో నీలగిరి గిరిజనులలో ఈ లక్షణము కనుగొనబడెను. 2023 జూలైలో భారత ప్రభుత్వము దీని నిర్మూలనకై జాతీయ కార్యక్రమమును ప్రారంభించెను.

కీలుమార్పిడి చరిత్ర వైఫల్యములతో నిండినది. 1891 ప్రాంతమున బెర్లినులో గ్లూక్ అను వైద్యుడు దంతముతో కృత్రిమ కీలును చేసెను; అది నిలువలేదు. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ 1950 దశకపు చివర టెఫ్లాన్ గిన్నెలను దాదాపు 300 మందికి అమర్చెను. తొలుత అందఱును సుఖముగా నడచిరి. కొలది యేండ్లకే గిన్నెలు అరిగి, చుట్టునున్న కణజాలము చెడెను. చార్న్‌లీ ఆ పదార్థమును తన తొడలోనే చొప్పించుకొని పరీక్షించెను. 1962 నవంబరులో ఆతడు పాలిథిలీన్ గిన్నెను వాడనారంభించెను. నేటి శస్త్రచికిత్స ఆ పునాదిమీదనే లేచినది.

కీలు కుదిరినను నడక కుదురవలె గదా! దీని మర్మమును జర్మను వైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ 1895లోనే వివరించెను. మనము ఒంటికాలిపై నిలిచినపుడు ఆ ప్రక్క పిఱుదు కండరములు నడుమును సమముగా పట్టియుంచును. అవి బలహీనమైనచో రెండవప్రక్క జాఱును. మనిషి ఊగుచు నడచును. వ్యాధికాలమున కాలికి పని తగ్గి ఈ కండరములు ముందే క్షీణించియుండును. చార్న్‌లీ పద్ధతిలో అవి అంటియున్న ఎముకముడిని కోసి తిరిగి తీగలతో కట్టెడివారు. ఆ ముడి అతుకనిచో కుంటు మిగిలెడిది. నేటి పద్ధతులలోను కండరమునకు కొంత గాయము తప్పదు.

పూర్వము రోగిని వారములకొలది మంచముపై నుంచెడివారు. ఆ విశ్రాంతియే హానికరమని 1947లో లండను వైద్యుడు రిచర్డ్ ఆషర్ హెచ్చరించెను. నేడు సాధారణముగా మొదటి రెండు దినములలోనే రోగిని నిలువబెట్టి నడిపింతురు. అయినను దినములలో పోయిన కండ నెలలకు గాని తిరిగిరాదు. ఏడాది గడిచినను ఆ ప్రక్క బలము తక్కువగా నుండుట అరుదు కాదు.

కావున ఒకనాడు నాలుగడుగులు ఎక్కువ వేసి మఱునాడు నొప్పితో కూర్చున్నవారు, చికిత్స చెడెనని దిగులుపడ నక్కఱలేదు. కొంత తగ్గించి, మానక సాధన చేయవలెను. మెట్టుగాని గట్టుగాని ఎక్కునపుడు మంచికాలు ముందు, దిగునపుడు చికిత్స జరిగిన కాలు ముందు వేయవలెను. వైద్యుడు అనుమతించువఱకు గొంతుకూర్చుండరాదు. జ్వరము, గాయమునుండి స్రావము, పిక్కవాపు, ఆయాసము, హఠాత్తుగా కాలు పొట్టిపడుట కనిపించినచో తక్షణమే ఆసుపత్రికి పోవలెను. సికిల్ సెల్ గలవారికి ఇట్టి చిక్కులు ఇతరులకంటె ఎక్కువ.

ఇచటనే కొండసీమ కష్టము ప్రారంభమగును. 1923లో ఆంధ్ర వైద్య కళాశాల నెలకొన్న విశాఖపట్టణమునకు, అరకునకు నడుమ నూరు కిలోమీటర్లకు పైగా దూరము. రోడ్డులేని పల్లెల రోగులను డోలీలో మోసితెచ్చుట నేటికిని కలదు. శస్త్రచికిత్సకై ఒక్కసారి అట్లు రావచ్చును. వ్యాయామము నేర్చుటకై మాటిమాటికి రాగలరా? నగరపు వైద్యశాలలో తెలుగున చెప్పిన సూచనలు, కువిగాని ఆదివాసీ ఒడియాగాని ఇంటిభాషగా గల పెద్దమ్మకు ఎంతవఱకు అందును?

కీలును శస్త్రవైద్యుడు ఒక్కపూటలో అమర్చును. కండను తిరిగి కట్టునవి రోగి పట్టుదల, ఇంటివారి ఓర్పు, కాలము. ఆ మూడింటికిని తోడుగా, వ్యాయామము నేర్పువారు కొండయెక్కి, ఆ పల్లెవాకిట, ఆ పల్లెమాటలో చెప్పిననాడే ఈ వైద్యచరిత్ర అరకులోయవఱకు చేరినదనవచ్చును.