హైదరాబాద్ పేరున్న స్పిట్‌ఫైర్లు, ఒక టెలిఫోను

శామీర్‌పేట రూటులో తిరిగేవాళ్ళకి హకీంపేట దగ్గర తలెత్తి చూడటం అలవాటే. ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ శిక్షణ విమానం ఏదో ఒకటి చెవులు గింగురుమనిపిస్తూ పోతుంటుంది. చిన్నప్పుడు నాకూ పైలట్ అవ్వాలని ఉండేది (ఎవరికి ఉండదు చెప్పండి!). చివరికి అందరిలాగే కీబోర్డు ముందు తేలాను. ఆ పిచ్చితో అవీ ఇవీ చదువుతుంటే తగిలిందీ సంగతి: రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో మన ఊరి పేరుతో మూడు స్క్వాడ్రన్లు ఉండేవి. 110 హైదరాబాద్, 152 హైదరాబాద్, 253 హైదరాబాద్ స్టేట్.

కారణం సింపుల్. డబ్బులు నిజాంవి. 1918లోనే ఉస్మాన్ అలీఖాన్ 110వ స్క్వాడ్రన్‌కి విమానాలు కొనిచ్చాడు. నిజాంవి అంటే మళ్ళీ ఎవరివి? ఇక్కడి రైతులు కట్టిన శిస్తులే కదా. 152 వాళ్ళ చిహ్నం మీద ఏకంగా నిజాం తలపాగా ఉంటుంది, కింద 'నమ్మకమైన మిత్రుడు' అన్న అర్థంతో ఇంగ్లీషు మాటలు. లోపల కూర్చుని నడిపింది మాత్రం ఎక్కువగా ఇరవయ్యేళ్ళ ఇంగ్లీషు కుర్రాళ్ళు.

1940 జులైలో ఈ 152ని ఇంగ్లండ్ దక్షిణ తీరంలో వార్మ్‌వెల్ అనే చోటికి పంపారు. పక్కనే ఉన్న పోర్ట్‌లండ్ నౌకాస్థావరాన్ని కాపాడటం వీళ్ళ పని. సినిమాల్లో చూపించేది ఆకాశంలో యుద్ధం. కానీ ఆ రోజుల్లో ఏ ఫైటర్ పైలట్‌కైనా రోజులో ఎక్కువ భాగం గడిచేది నేలమీదే, ఎదురుచూస్తూ.

తెల్లవారకముందే లేపేవాళ్ళు. విమానాల పక్కన ఒక గుడిసె, నాలుగు పడక కుర్చీలు, ఒక టెలిఫోను. మెకానిక్కులు అప్పటికే ఇంజన్లు వేడి చేసి ఉంచేవాళ్ళు. లైఫ్ జాకెట్ వేసుకునే పేకాట, చదరంగం, నిద్ర. ఫోన్ మోగితే మాత్రం కడుపులో తిప్పేది. అది టీ గురించి కావచ్చు, 'ఎగరండి' అన్న ఆర్డరూ కావచ్చు. రింగ్ వినగానే బయటికెళ్ళి వాంతి చేసుకున్నవాళ్ళున్నారు. యుద్ధం అయిపోయిన చాన్నాళ్ళకి కూడా ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాళ్ళమని రాసుకున్నవాళ్ళూ ఉన్నారు. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయిందని ఫోనొస్తే మనకి గుండె దడదడలాడుతుందే, దానికి వెయ్యి రెట్లనుకోండి. మనకి మహా అయితే అప్రైజల్ పోతుంది.

ఆర్డరొచ్చాక రెండు మూడు నిమిషాల్లో గాల్లో ఉండాలి. స్పిట్‌ఫైర్‌లో ఎనిమిది మెషిన్‌గన్లు, తూటాలు మాత్రం పదిహేను సెకన్లకే సరి. మెడకి సిల్కు స్కార్ఫు స్టైలు అనుకునేవాణ్ణి. కాదట! వెనక ఎవడొస్తున్నాడోనని తల అటూ ఇటూ తిప్పీ తిప్పీ మెడ ఒరుసుకుపోకుండా అది. ఇంకో చిక్కుంది. ముక్కు ఒక్కసారిగా కిందికి దించితే ఇంజన్ కార్బురేటర్‌కి పెట్రోలు అందక ఆగినంత పని చేసేది. జర్మన్ విమానాలకి ఆ బాధ లేదు. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు చిన్న రంధ్రమున్న లోహపు బిళ్ళ ఒకటి పెట్టి చాలావరకు సరిచేసింది. ఇంతకన్నా చక్కటి ప్యాచ్ నేనింతవరకు చూడలేదు.

రోజుకి మూడు నాలుగుసార్లు ఇదే వరస. ఒకే గుడిసెలో ఎదురుచూసి, ఒకే ఆకాశంలో పోరాడి, భోజనానికి మాత్రం ఆఫీసర్లు ఒక మెస్సుకి, సార్జెంట్లు ఇంకో మెస్సుకి! కులం మనకొక్కరికే ఉందనుకుంటాం. సాయంత్రం పబ్బులో బీరు. పొద్దున పక్కన కూర్చున్నవాడి గురించి ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళు కాదు, అతని పెట్టె ఎవరో ఒకరు సర్దేవాళ్ళు. ఆ 1940 బ్రిటన్ పోరులో సుమారు 2,900 మంది ఎగిరితే 544 మంది పోయారు.

1943 చివర్లో ఈ 152 స్క్వాడ్రనే ఇటు భారత్-బర్మా రంగానికొచ్చింది. యుద్ధకాలంలోనే బేగంపేటలో మనదేశపు కుర్రాళ్ళు టైగర్‌మాత్ విమానాల మీద ఓనమాలు దిద్దుకున్నారు. అంతకుముందే, 1940లో, 24 మంది భారతీయ పైలట్లు ఇంగ్లండ్ వెళ్ళారు. వాళ్ళలో మహీందర్ సింగ్ పుజ్జీ అనే సిక్కు తలపాగా తీయనని పట్టుబట్టి దానితోనే ఎగిరాడు. కాక్‌పిట్‌లో ఇంకో తలపాగా కూడా పెట్టుకునేవాడట. 152 విమానాలది చిహ్నం మీద బొమ్మ తలపాగా, ఇతనిది నిజం తలపాగా. 2010 దాకా బతికాడు.