గ్రామనామమునకు ముందున్న త్రోవ



నేడు నేను మనవి చేయబూనిన విషయము పేరునకు క్రొత్తది, పనికి మిగుల పాతది. ఒకదానిలో నొకటి యిమిడియున్న వానిని లెక్కలలో నెట్లు వ్రాయవలెను, వలసినప్పుడు వాని నెట్లు వెదకి తీయవలెను అనునదే యా విషయము.

1815లో హిందూదేశమునకు మొదటి సర్వేయరు జనరలైన కాలిన్ మెకంజీ, కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి తెలుగువారి సాహాయ్యముతో గ్రామవృత్తాంతములను కూర్పించెను. వానినే కైఫీయతులందురు. మన గుంటూరుసీమ కైఫీయతుల తలకట్టును చూడుడు. మౌజే యని గ్రామము పేరు, సంతు, తాలూకా, సర్కారు ముర్తిజానగరు - ఇట్లు గ్రామము పేరుతోబాటు దాని పైమెట్లును వ్రాయబడి యుండును. ముర్తిజానగరనగా మన కొండవీడే. ఆ తలకట్టు చదివిన వానికి, వేఱు దస్త్రము విప్పకయే, ఆ యూ రెచ్చటిదో తెలియును.

నేటి కంప్యూటరు దస్త్రములలోను ఇదే మార్గ మొకటి గలదు. పెద్ద మెట్టు మొదలు చిన్న మెట్టు వఱకు, నడుమ వాలుగీట్లతో, "గుంటూరు/తాడేపల్లి/ఉండవల్లి" యని త్రోవ మొత్తమును వ్రాసి యుంతురు. గుంటూరు క్రింది గ్రామము లెవ్వి యని యడిగినచో, "గుంటూరు/" అని మొదలగు త్రోవల నన్నిటిని యంత్రము తెచ్చియిచ్చును. నిఘంటువులో మొదటి యక్షరములు తెలిసిన మాటను వెంటనే తీయగలము గదా! అకారాది సూచిక యున్నచో యంత్రమున కిదియు నంత సులభమే. నడిమి యక్షరములు మాత్రమే తెలిసినచో పుటలన్నియు త్రిప్పవలసినదే. యంత్రమునకును అదే గతి.

ఇందు రెండు చిక్కులు గలవు. మొదటిది చిన్నది. ఊరిపేరే మొదటి మెట్టుగా నొక దస్త్ర మున్నదనుకొందము. "తాడేపల్లి" అని మాత్రమే వెదకినచో పశ్చిమగోదావరిలోని తాడేపల్లిగూడెమును వచ్చి కూర్చుండును. సర్వేనంబరు 12 అడిగినవానికి 125 కూడ వచ్చుటయు నిట్టిదే. కావున పేరు చివర వాలుగీటు నుంచియే వెదకవలెను. ఆ గీటు పొలముగట్టు వంటిది. అది లేనిచో ఒకరి చేను మఱియొకరి చేనిలో కలియును.

రెండవ చిక్కు చరిత్రకు సంబంధించినది. గుంటూరు సర్కారు 1788లో కుంఫిణీవారి వశమయ్యెను. 1859లో గుంటూరు జిల్లాను రద్దుచేసి పొరుగు జిల్లాలలో కలిపిరి. తాడేపల్లి ప్రాంతము కృష్ణాజిల్లాలో చేరెను. 1904లో గుంటూరు జిల్లా మరల నేర్పడెను. 1985లో తాలూకాలకు మాఱుగా మండలములు వచ్చెను. 2022లో జిల్లాల హద్దులు మరల మాఱెను. తాడేపల్లి మాత్రము కృష్ణయొడ్డున నున్నచోటనే యున్నది. ఊరు కదలలేదు, త్రోవ కదలినది.

పై మెట్టు పేరొకటి మాఱినచో దాని క్రింది త్రోవలన్నిటి మొదలును మార్పవలెను. సగము మాఱి సగము నిలిచినచో, ఉన్న యూరే లెక్కలో లేనిదగును. కనుక మాఱిన నన్నియు నొక్కసారిగా మాఱవలెను, లేనిచో నొక్కటియు మాఱరాదు. అంతకంటె ముఖ్యము, పాతత్రోవను చెరిపివేయక, ఏ సంవత్సరమునుండి యేవఱకు చెల్లెనో దాని ప్రక్కనే వ్రాసి యుంచుట. 1890 నాటి తాతగారి దస్తావేజును గుంటూరు జిల్లా పేరిట వెదకు మనుమనికి అది కానరాదు; అప్పుడది కృష్ణాజిల్లా.

కరణముల యుద్యోగములు 1984లో రద్దయినవి. వారి జ్ఞాపకములోనున్న యీ త్రోవలు నేడు మీ పెట్టెలలోని కాగితములపై నున్నవి. వానిని తీసి, ఆనాటి జిల్లా, తాలూకా, సంవత్సరము - ఈ మూడింటిని వేఱుగా నొక కాగితముపై వ్రాసి పిల్లలకిండు. భూమి వారిదని చెప్పుటకు ముందు, అది యెచ్చట వ్రాయబడినదో వారికి తెలియవలెను గదా!