రూపాయి పావలా వడ్డీ

మన కెంచార్లహళ్ళి వైపు వడ్డీ ఎంత అని అడిగితే ఎవరూ శాతాల్లో చెప్పరు. "రెండు రూపాయలు" అంటారు, "మూడు రూపాయలు" అంటారు. నూటికి, నెలకు అని విడమరిచి చెప్పే పని లేదు, వినేవాళ్ళకు తెలుసు. బెంగళూరులోనూ ఇంకా దూరాల్లోనూ పెరిగిన మన పిల్లల కోసం చెప్తున్నాను: రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఊరి పేరు చివర కన్నడ హళ్ళి ఉన్నా ఊళ్ళో మాట తెలుగు అయినట్టే, ఈ మాట కూడా రెండు వైపులా ఒకటే. మనది వడ్డీ, కన్నడంవాళ్ళది బడ్డి, రెండింటికీ మూలం సంస్కృతంలోని వృద్ధి. పెరగడం అని అర్థం.

మన కుటుంబాల్లో నలుగురు కూర్చుంటే వినబడే మాట ఒకటుంది: "వడ్డీ తప్పు అనేది సాయిబుల మతంలో ఉంది, మనకలాంటిదేమీ లేదు." ఈ మాట సగమే నిజం. మన శాస్త్రాల్లోనూ నిషేధం ఉంది, గట్టిగానే ఉంది. ఐతే దాని స్వరూపం వేరు. అదేమిటో, చివరికి ఎక్కడ తేలిందో చూద్దాం. ఈ కథలో ఒక మలుపు మన పక్కనే, కోలారులోనే జరిగింది.

వడ్డీకిచ్చి బతికేవాడికి ధర్మసూత్రాల్లో వార్ధుషికుడని పేరు. చౌకగా గింజలు కొని, అవే గింజలు ప్రియంగా అప్పిచ్చేవాడు అని వసిష్ఠ ధర్మసూత్రం వివరణ. బ్రహ్మహత్యనూ వడ్డీ వ్యాపారాన్నీ తక్కెడలో పెడితే వడ్డీ వైపే బరువు తేలిందని కూడా అక్కడ ఉంది. మనుస్మృతి వాడి ఇంటి అన్నాన్ని మలంతో పోల్చింది. బ్రాహ్మణుడూ క్షత్రియుడూ వడ్డీకి ఇవ్వకూడదని చెప్పింది. ఇంత తిట్టి, మళ్ళీ అదే గ్రంథం వడ్డీ రేట్లు ఎంతెంత ఉండాలో కూర్చుని లెక్క కట్టింది! వైశ్యుడి వృత్తుల్లో వడ్డీ ఒకటని ఒప్పుకుంది కాబట్టి. అంటే, పని ఉండాలి, పెద్దకులాల చేతికి మట్టి అంటకూడదు. నాకైతే ఇది ధర్మం కన్నా పరువు సంగతిలాగా కనిపిస్తుంది. మన సుమతీ శతకం ఇంకా నిజాయితీగా మాట్లాడింది. ఊళ్ళో ఎవరెవరు ఉంటే ఆ ఊళ్ళో కాపురం ఉండాలో చెప్తూ, అప్పిచ్చేవాణ్ణి వైద్యుడి కంటే ముందే పెట్టింది.

ఇక రేట్ల సంగతి. వసిష్ఠుడి పేరు మీద, మనువులో, యాజ్ఞవల్క్యుడిలో, కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కూడా కనిపించే రేటు ఒకటే: నెలకు అసలులో ఎనభయ్యో వంతు. నూటికి ఎంతో లెక్కేయండి. సరిగ్గా రూపాయి పావలా! మా ఇంట్లో పెద్దవాళ్ళు ధర్మవడ్డీ అనే మాట వాడేవాళ్ళు, రూపాయికీ రూపాయిన్నరకీ మధ్య ఎక్కడో ఉండేది వాళ్ళ ధర్మం. శాస్త్రం చదివి అన్న మాట కాదది, ఊరి వాడుక. ఐనా లెక్క దగ్గర దగ్గరగానే వచ్చింది.

యాజ్ఞవల్క్య స్మృతి ప్రకారం ఈ రూపాయి పావలా తాకట్టు పెట్టిన అప్పుకే. తాకట్టు లేకపోతే వర్ణాన్ని బట్టి నూటికి రెండు, మూడు, నాలుగు, ఐదు. బ్రాహ్మణుడు రెండు కట్టాలి, శూద్రుడు ఐదు కట్టాలి. ఏడాదికి 24 శాతం ఒకరికి, 60 శాతం ఇంకొకరికి. అడవి దారిన సరుకు తోలే వర్తకుడికి పది, సముద్రం మీద పోయేవాడికి ఇరవై. ఆ చివరి రెండూ నాకు అర్థమవుతాయి. ఓడ మునిగితే అప్పు కూడా మునుగుతుంది, ఆ భయానికి వెల అది. శూద్రుడి ఐదుకి ఏ ఓడా మునగదు. మన వంశాల్లో చాలామంది ఆ ఐదు కట్టిన వరసలోంచి వచ్చినవాళ్ళమే కాబట్టి, శాస్త్రాన్ని పొగిడేటప్పుడు ఈ సంగతి దాచిపెట్టడం బాగుండదు.

ఈ యాజ్ఞవల్క్య స్మృతికి ప్రసిద్ధమైన వ్యాఖ్యానం మితాక్షర. రాసినవాడు విజ్ఞానేశ్వరుడు, కళ్యాణి చాళుక్యుల ఆరవ విక్రమాదిత్యుడి కాలంవాడు. ఆ కళ్యాణి ఇప్పుడు బీదర్ జిల్లాలో ఉన్న బసవకల్యాణం. 13వ శతాబ్దంలో కేతన దీన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి విజ్ఞానేశ్వరీయం అన్నాడు. తిక్కనకు దశకుమార చరిత్రం అంకితమిచ్చిన కేతనే ఈయన. కన్నడ నేల మీద పుట్టిన న్యాయగ్రంథం తెలుగులోకి నడిచి రావడం మనలాంటివాళ్ళకు వింతగా ఏమీ అనిపించదు.

అసలు నేను చెప్పదలుచుకున్నది రేట్ల గురించి కాదు. వీటన్నిటికీ పైన ఒక కట్టు ఉంది: వడ్డీ ఎంత పేరుకున్నా అసలును మించకూడదు. వెయ్యి ఇచ్చినవాడు ఒక్కసారిగా వసూలు చేస్తే అసలూ వడ్డీ కలిపి రెండువేలకు పైన అడగడానికి లేదు. యాజ్ఞవల్క్యుడు బంగారానికి రెండింతలు, ధాన్యానికి మూడింతలు, బట్టలకు నాలుగింతలు, నూనె నెయ్యి లాంటి ద్రవాలకు ఎనిమిదింతలు అని హద్దులు పెట్టాడు. డబ్బు విషయంలో దీన్నే తర్వాత కోర్టులు దాందుపట్ అన్నాయి. రూపాయి పావలా లెక్కన అసలు రెట్టింపు కావడానికి సరిగ్గా ఎనభై నెలలు. ఐదు రూపాయల లెక్కన ఇరవై నెలలకే. తొందరగానో ఆలస్యంగానో, గడియారం ఒకచోట ఆగాలి.

దీనికొక కన్నం ఉంది. గడువుకి వడ్డీ కట్టలేనివాడు పాత పత్రం తీసేసి, వడ్డీని అసల్లో కలిపి కొత్త పత్రం రాసివ్వచ్చని మనువే ఒప్పుకున్నాడు. మన ఊళ్ళల్లో దీన్ని నోటు తిరగరాయడం అంటాం. ప్రామిసరీ నోటు మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది కాబట్టి, మూడేళ్ళలోపు అంగడి సెట్టి గానీ పెద్దరైతు గానీ కబురు పెట్టేవాడు, వేలిముద్ర వేసి వచ్చేవాళ్ళు. రెండు రూపాయల మీద వెయ్యి తెచ్చి ఏమీ కట్టకపోతే మూడేళ్ళకు 1,720. అది అసలుగా మారి ఆరేళ్ళకు 2,958. తొమ్మిదేళ్ళకు 5,088. నోటు మీద మాత్రం ఎప్పుడూ "రెండు రూపాయల ధర్మవడ్డీ" అనే ఉంటుంది.

కట్టలేకపోతే ఏమవుతుంది? శాస్త్రం వడ్డీల్లో కాయిక వృద్ధి అని ఒకటి చెప్పింది, ఒళ్ళు వంచి చేసే పనితో తీర్చే వడ్డీ అని ఒక వ్యాఖ్యానం. మన వైపు దాని పేరు జీతం. నెలజీతం కాదు, జీతానికి ఉండడం. అప్పు తండ్రి చేస్తే కొడుకు పశువులు కాయడం. వాడి పని వడ్డీకే సరిపోయేది, అసలు అలాగే కూర్చునేది. 1976లో వచ్చిన వెట్టిచాకిరి రద్దు చట్టం ఆ అప్పులే చెల్లవంది. కర్ణాటకలో దేవరాజ అరసు ప్రభుత్వం చిన్నరైతులు, కూలీల అప్పుల నుంచి విముక్తి చట్టం తెచ్చిందీ ఆ ఏడే. ఆ రోజుల్లో మన కుటుంబాల్లో జీతానికి ఉన్నవాళ్ళూ ఉన్నారు, పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఎవరు ఏ వైపో ఇళ్ళల్లో అందరికీ తెలుసు, పెళ్ళిళ్ళలో మాట్లాడుకోరు.

ఇంగ్లీషువాళ్ళు 1855లో వడ్డీ పరిమితి చట్టాలు ఎత్తేశారు. దాందుపట్ బొంబాయి హైకోర్టు కింద హిందువుల అప్పులకు నిలిచింది, మద్రాసు హైకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. అంటే మనకు ఆనుకుని ఉన్న అప్పటి అనంతపురం, చిత్తూరు జిల్లాల రైతుకు ఆ పాత కట్టు పోయింది. తిరిగి వచ్చింది 1938లో, రాజాజీ ప్రభుత్వం తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టంతో. అసలుకి రెండింతలు చెల్లించిన రైతు బాకీ తీరిపోయినట్టే అంది ఆ చట్టం. నోటు ఎన్నిసార్లు తిరగరాసినా మొదట చేతికిచ్చిన సొమ్మే అసలు అని కూడా చెప్పింది. మనువు వదిలిన కన్నాన్ని పూడ్చింది శాసనసభ.

ఇప్పుడు కోలారు. మన చిక్కబళ్ళాపురం జిల్లా 2007 దాకా కోలారు జిల్లాలో భాగమే కదా. పట్టు పురుగులు, దారం తీసే బట్టీలు, బీడీలు, వీటి మీద బతికే ముస్లిం కుటుంబాలు ఆ పట్టణంలో చాలా. 2000 తర్వాత మైక్రోఫైనాన్స్ కంపెనీలు వచ్చి, ఆడవాళ్ళను గుంపులుగా చేర్చి, తాకట్టు లేకుండా అప్పులిచ్చాయి. ఒకామె కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలి. ఉదాహరణకు పదివేలు ఇచ్చి, వారానికి 230 చొప్పున యాభై వారాలు కట్టించుకుంటే 11,500 అవుతుంది. చూడడానికి 15 శాతం. ఐతే అసలు వారం వారం తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి నిజమైన రేటు దాదాపు రెట్టింపు. ఒక కంపెనీ వాయిదాకి ఇంకో కంపెనీ దగ్గర తేవడం మొదలైంది. ఇంతలో పట్టు పని మందగించింది.

2009లో కోలారు అంజుమన్ కమిటీ, ముస్లిం ఆడవాళ్ళెవరూ ఈ కంపెనీలకు వాయిదాలు కట్టవద్దని నిషేధం పెట్టింది. ఇస్లాంలో వడ్డీ హరామ్ అనేది ఒక కారణం. గుంపుల్లో కొట్లాటలు, ఇంటి ముందు కంపెనీ మనుషుల ఒత్తిడి ఇంకో కారణం. రామనగర, మైసూరు పట్టణాల్లోనూ ఇలాగే జరిగింది. అదే వీధుల్లో మిగతావాళ్ళ వాయిదాలు చాలావరకు నడుస్తూనే ఉన్నాయి.

దీని గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఖురాన్ రెండో అధ్యాయంలో వడ్డీ నిషేధం ఎంత గట్టిగా ఉందో, దాని పక్కనే ఇంకో రెండు మాటలూ ఉన్నాయి. ఇచ్చినవాడికి తన అసలు మీద హక్కు ఉంది. తీసుకున్నవాడు ఇబ్బందుల్లో ఉంటే గడువివ్వాలి. కోలారు కమిటీ మొదటి మాట పట్టుకుంది, అసలు సంగతి వదిలేసింది. మరి ఆడవాళ్ళ మీద పడ్డ ఒత్తిడి అబద్ధమా అంటే కాదు. అంతకుముందు వాళ్ళ గోడు విన్న ఆఫీసు ఏదీ లేదు, విన్నది మసీదు వైపు పెద్దలే. కానీ కట్టాలనుకున్న ఆమెకూ దారి మూసేశారు. కంపెనీలు కొత్త అప్పులు ఆపేశాయి. అవసరం మాత్రం ఆగదు కదా. వడ్డీ లేని అప్పు, ఖర్జె హసనా, ఇచ్చే సంఘాలు హైదరాబాదులో ఎప్పటినుంచో ఉన్నాయి, అక్కడ పుట్టిన పండితుడు మహమ్మద్ హమీదుల్లా వాటి గురించి రాశాడు కూడా. అలాంటిది పక్కన కట్టుకుని నిషేధం పెడితే ఆ కథ వేరేగా ఉండేది.

మరుసటి ఏడు, 2010 అక్టోబరులో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత చట్టం చేసింది. అందులో ఒక నియమం చదివి నేను ఆగిపోయాను: వడ్డీ అసలును మించకూడదు, అసలుకి రెండింతలు వసూలైన అప్పు తీరినట్టే. యాజ్ఞవల్క్యుడి లెక్కే అది! ఈసారి వర్ణాల పట్టిక లేదు, హిందువులకని లేదు, ముస్లిం ఆమెకూ అదే వర్తిస్తుంది. 2011లో రిజర్వు బ్యాంకు మైక్రోఫైనాన్స్ వడ్డీకి 26 శాతం హద్దు పెట్టింది. నెలకు నూటికి రెండు రూపాయల పైచిలుకు. అంటే తాకట్టు లేని బ్రాహ్మణుడికి శాస్త్రం ఇచ్చిన రేటు, ఇంచుమించు, కోలారు బీడీ కార్మికురాలికి దక్కింది. తర్వాత ఆ హద్దు కూడా ఎత్తేశారు. వసూళ్ళ వేధింపులు మళ్ళీ పెరిగి, 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం ఇంకో ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

దేవుడి మాట రాకుండా వడ్డీ మాట ముగించడం తెలుగువాళ్ళకు చేతకాదు. పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేసి ఇప్పటికీ వడ్డీ కడుతున్న వేంకటేశ్వరుణ్ణి మనం వడ్డికాసులవాడు అని ముద్దుగా పిలుచుకుంటాం. ఆయన విషయంలో దాందుపట్ ఎవరూ అడగలేదు. కలియుగం అయ్యేదాకా కట్టాల్సిందే పాపం.

మీ ఇళ్ళల్లో పాత పెట్టెల్లో నోట్లు ఉంటే పారేయకండి. ముందు వైపు రేటు ఎంత రాశారో, వెనక వైపు చెల్లులు ఎన్ని పడ్డాయో చూడండి. ఒకే ఇద్దరి మధ్య మూడేళ్ళకొకసారి అంకె పెరుగుతూ వచ్చిన నోట్లు కట్టగా దొరికితే, మొట్టమొదటి నోటు తీసి, చేతికిచ్చిన సొమ్మెంతో చెల్లుల మొత్తంతో పోల్చి రాసి పంపండి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు.