బురద జారే వాలు

నీరు తేరడానికి తొట్టి లోతు కంటే దాని అడుగు వైశాల్యమే ముఖ్యమని 1904లో అమెరికన్ ఇంజనీరు అలెన్ హేజెన్ తేల్చి చెప్పాడు. లోతు తగ్గితే నీరు తొట్టిలో నిలిచే సమయం తగ్గుతుంది, కానీ మట్టి కణం దిగాల్సిన దూరమూ అంతే తగ్గుతుంది. కాబట్టి మధ్యలో అడ్డంగా మరో అర వేస్తే అదే తొట్టి రెట్టింపు నీటిని తేర్చగలదు.

లెక్కలో తప్పు లేదు. చిక్కంతా బురదతోనే వచ్చింది. అంగుళాల ఎడంలో ఒకదాని మీద ఒకటి పరిచిన అరల్లో పేరుకున్న బురదను తీయడమెలా? 1946లో థామస్ క్యాంప్ ఈ ఆలోచనను మళ్లీ ముందుకు తెచ్చాడు. ఆయన చెప్పినవీ అడ్డం అరలే.

దారి చూపగల పరిశీలన అప్పటికే వైద్యరంగంలో అచ్చయి ఉంది. నిలువు గొట్టంలో కంటే వాల్చిన గొట్టంలో రక్తకణాలు త్వరగా పేరుకుంటాయని 1920లో బ్రిటిష్ వైద్య శాస్త్రజ్ఞుడు ఎ.ఇ. బాయ్‌కాట్ నేచర్ పత్రికలో రాశాడు. వాలులో కణం గొట్టం అడుగుదాకా దిగనక్కర్లేదు. కింది గోడను తాకితే చాలు, అక్కడి నుంచి జారిపోతుంది.

నీటి శుద్ధిలో వాలు 1960ల్లో స్థిరపడింది. అమెరికాలో కల్ప్, హాన్‌సెన్ వంటి ఇంజనీర్లు వాల్చిన సన్నని గొట్టాలతో ప్రయోగాలు చేశారు. గొట్టాలకు బదులు వాల్చిన పలకలు వాడే పద్ధతి స్వీడన్‌లో రూపుదిద్దుకుంది.

సాధారణంగా పలకలను 60 డిగ్రీల వాలులో, 5 సెంటీమీటర్ల ఎడంలో నిలుపుతారు. పటిక కలిపాక ఉండలు కట్టిన మట్టితో నీరు వాటి మధ్య నుంచి నెమ్మదిగా పైకి వస్తుంది. ఏ ఉండైనా నిట్టనిలువుగా 10 సెంటీమీటర్లు దిగితే కింది పలకను తాకుతుంది. అక్కడ బురద కూడి, తన బరువుకే జారి అడుగున ఉన్న గుంటలో పడుతుంది. ఈ వాలులో పలక వైశాల్యంలో సగమే లెక్కకు వస్తుంది. వాలు తగ్గిస్తే వైశాల్యం పెరుగుతుంది గానీ బురద జారదు. సగం వదులుకుని జారుడును దక్కించుకోవడమే ఇందులోని అసలు తెలివి. తొట్టి పొడవున మీటరుకు సుమారు 17 పలకలు పడతాయి. 2 మీటర్ల పొడవున్న పలకలైతే, కాగితం మీద, ఒక చదరపు మీటరు చోటు 17 చదరపు మీటర్ల పని చేస్తుంది.

అందుకే పాత తొట్టిని పగలగొట్టకుండానే దాని సామర్థ్యం పెంచడానికి ఈ పలకలు బాగా పనికివచ్చాయి. పటిక మోతాదు తప్పి ఉండలు సరిగా కట్టకపోతే మాత్రం ఎన్ని పలకలు పెట్టినా నీరు తేరదు. ఎండ తగిలే తొట్టిలో పలకలకు పాచి పడుతుంది. అప్పుడప్పుడు నీటిమట్టం దించి, పైపుతో నీళ్లు కొట్టి వాటిని కడగాలి.