అంటు

క్లోనింగ్‌ను తెలుగులో ఏమనాలి అని అడిగితే చాలామందికి ముందు తట్టే మాట నకలు. కాస్త సంస్కృతం వచ్చినవాళ్లు ప్రతిరూపం అంటారు. పురాణాలు చదివినవాళ్లు విశ్వామిత్రుణ్ణి లాక్కొచ్చి ప్రతిసృష్టి అంటారు. నాకు ఈ మూడూ రుచించవు. వీటికంటే మంచి మాట మన మామిడితోటల్లో ఎప్పటినుంచో ఉంది.

ముందు నకలు సంగతి. అరబ్బీలో 'నక్ల్' అంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం. రాతను మరో కాగితం మీదికి చేర్చడమూ అదే కనుక దానికి ప్రతి అనే అర్థమూ వచ్చింది. రిజిస్ట్రారాఫీసులో మనం తీయించుకునే నకలు ఇదే. దాని దగ్గరి చుట్టం నకిలీ. ఒక జంతువును నకలు అన్నామా, దాని నెత్తిన రెండు నిందలు వేసినట్టే: అచ్చం మొదటిదానిలా ఉంటుందని, అయినా అసలుది కాదని.

మొదటి నింద ఎంత తప్పో ఒక పిల్లి చెబుతుంది. 2001 డిసెంబరులో టెక్సస్‌లో పుట్టిన తొలి క్లోన్ పిల్లికి కార్బన్ కాపీ అనే అర్థంలో సీసీ అని పేరు పెట్టారు. కణమిచ్చిన పిల్లి మూడు రంగులది. పిల్లకు నారింజ రంగే రాలేదు. ఆ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడపిల్లి కణాల్లో ఉండే రెండు ఎక్స్‌లలో ఒకటి నిద్రపోతుంది. సీసీకి దక్కిన కణంలో నారింజదే నిద్రపోయింది, మళ్లీ లేవలేదు. పేరు కార్బన్ కాపీ, ఒళ్లు మాత్రం తనది.

ఇక క్లోన్ అన్న మాట. గ్రీకులో దానికి రెమ్మ అని అర్థం. గింజతో కాకుండా కొమ్మతోనో మొగ్గతోనో దుంపతోనో పెంచిన మొక్కల సంతతికి ఒక పేరు కావలసివచ్చి, 1903లో అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ వెబర్ ఆ రెమ్మను అరువు తెచ్చుకున్నాడు. అంటే ఇది పుట్టుకతో తోటమాలి మాట. మన తోటమాలికి ఆ అరువు అక్కర్లేదు. టెంక పాతితే తల్లిచెట్టు కాయే వస్తుందన్న నమ్మకం లేదని తెలుసు కనుక అంటు కడతాడు. నేల అంటు, గాలి అంటు, కొమ్మ అంటు అని కడియం నర్సరీల్లో వినబడే మాటలన్నీ ఆ పనివే.

అంటు అంటే తాకడం, తాకి విడవకపోవడం. అంటురోగం, చేతికంటిన జిడ్డు, పెరట్లో తోమాల్సిన అంట్లు, అన్నీ ఒకే ఇంటివి. అంటరానితనమూ ఆ ఇంటిదే. ఈ మాటను వాడడానికి ఎవరికైనా జంకు ఉంటే అక్కడే ఉండాలి, దాన్ని కాదనను. కానీ తోటలో అంటుకు ఆ మచ్చ లేదు. మామిడి అంటు అంటే ఒకరి వేరు మీద ఇంకొకరి కొమ్మ బతకడం.

క్లోనింగ్‌లో జరిగేది సరిగ్గా అదే. 1996 జులై 5న ఎడిన్‌బరో దగ్గర రోస్లిన్ సంస్థలో డాలీ అనే క్లోన్ గొర్రె పుట్టింది. తెల్లమొహం ఫిన్ డార్సెట్ గొర్రె పొదుగు కణాన్ని, కేంద్రకం తీసేసిన నల్లమొహం గొర్రె అండానికి విద్యుత్తుతో అతికారు. 277 సార్లు అతికితే ఒక్కటే పట్టింది. డాలీ కేంద్రకం ఫిన్ డార్సెట్‌ది, మైటోకాండ్రియా మాత్రం అండమిచ్చిన గొర్రెవి. వేరు మూలం ఒకటి, పైకొమ్మ ఇంకొకటి. నకలు అనే మాటలో ఆ రెండో గొర్రెకు చోటే లేదు.

కోతుల దగ్గరికొస్తే ఇది ఇంకా తేటపడుతుంది. షాంఘైలో 79 పిండాలను 21 ఆడకోతుల్లో పెడితే 2017 చివర్లో జోంగ్ జోంగ్, హువా హువా పుట్టాయి. అవి గర్భస్థ శిశువు కణాలతో కట్టిన అంట్లు. పెద్ద కోతి కణాలతో పుట్టిన రెండు పిల్లలు దక్కలేదు. తర్వాత రీసస్ కోతి వంతు. అక్కడ మాయ సరిగా ఎదగడం లేదని, మాయగా మారే పైపొరను మామూలు పిండం నుంచి తెచ్చి, లోపలి కణాలు మాత్రం క్లోన్‌వి ఉంచారు. అలా 2020లో పుట్టి రెండేళ్లకు పైగా బతికిన రెట్రో కథ 2024 జనవరిలో బయటికొచ్చింది. ఇది అంటు మీద అంటు. దీన్ని నకలుకు నకలు అంటే అర్థమే మారిపోతుంది.

పేరు దగ్గర మన కర్నాల్ శాస్త్రవేత్తలూ మొదట పోలికనే పట్టుకుని, 2009 ఫిబ్రవరిలో పుట్టిన క్లోన్ గేదెదూడకు సమరూప అనే పేరు పెట్టారు. పాపం, అది కొద్దిరోజులే బతికింది. ఆ జూన్‌లో పుట్టిన తర్వాతి దూడకు గరిమ అన్నారు. నయం, రూపం గొడవ వదిలేశారు.

తోటలోని క్లోన్ అనే మాటను 1963లో మనిషి దాకా తెచ్చినవాడు జన్యుశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్. బ్రిటన్ వదిలి భారత పౌరుడైన ఆయన 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. కడియం తోటలు అక్కడికి ఆట్టే దూరం కాదు.