బోరాటి దారిలో అవని

పాండర్‌కవడ అడవిని చూస్తే అడవి అనడానికి మొదట మనసొప్పదు. తాడోబా పులుల అభయారణ్యంలో ఉన్నట్టు దట్టమైన వెదురు, సఫారీ జీపుల బాటలు ఇక్కడ కనబడవు. ఒక గుట్ట, దాని కింద వాగు, వాగు ఒడ్డున మనిషి దూరలేని లాంటానా, లాంటానాను ఆనుకుని పత్తి చేను. చేను దాటితే మళ్లీ గుట్ట. ఎక్కడ ఊరు ఆగిందో, ఎక్కడ అడవి మొదలైందో గీత గీసి చూపించడం కష్టం. మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలోని ఈ నేలకు తూర్పున చంద్రపూర్ జిల్లా ఉంది. దక్షిణాన పెన్‌గంగ పారుతుంది, అది దాటితే మన ఆదిలాబాద్. నాగపూర్ నుంచి హైదరాబాద్ వచ్చే పెద్ద రోడ్డు ఈ ఊళ్ల పక్కనుంచే వెళ్తుంది. కోలాములకూ గోండులకూ ఆ నది సరిహద్దు కాదు. ఇద్దరికీ రెండు ఒడ్డులా చుట్టాలున్నారు. పులులకూ అది సరిహద్దు కాదు.

అటవీశాఖ కాగితాల్లో టీ-1 అని, బయటి లోకంలో అవని అని పేరుపడ్డ ఆడపులి ఈ నేల మీదే తిరిగింది, ఇక్కడే తల్లయింది. 2018 నవంబర్ 2 రాత్రి ఒకే ఒక్క తూటాకు ఇక్కడే నేలకొరిగింది.

అవని కథ చెప్పేవాళ్లు చనిపోయిన మనుషులను ముందు తలుచుకోవాలి. 2016 జూన్ నుంచి 2018 ఆగస్టు దాకా ఆ చుట్టుపక్కల ఊళ్లలో 13 మంది పులి దాడుల్లో చనిపోయారు. ఒక్క 2018 ఆగస్టులోనే ముగ్గురు. ఆ చావులన్నీ టీ-1 ఖాతాలోనే రాశారు. అన్నింటికీ డీఎన్‌ఏ రుజువు దొరకలేదు, అక్కడ టీ-2 అనే మగపులి కూడా తిరుగుతుండేది. కానీ తెల్లారితే చేనుకు పోవాల్సిన మనిషికి ఏ పులి అన్నది పెద్ద తేడా కాదు. పత్తి ఏరేవాళ్లు నడుం వంచే పనిచేస్తారు. చుట్టూ నడుమెత్తు మొక్కలు, పక్కనే పొద. వంగిన మనిషి పులి కంటికి మనిషిలా కాక నాలుగుకాళ్ల జంతువులా కనబడతాడని అడవి మనుషులు చెబుతారు. మేకలు కాసేవాళ్లు, ఆవులు తోలేవాళ్లు, చేను కాపలాకు పోయేవాళ్లు చీకటి పడకముందే ఇంటికి చేరడం మొదలుపెట్టారు. రాత్రిపూట కాపలా లేక పంటను అడవిపందులు తినిపోయాయి. ఆ ఊళ్లవాళ్ల కోపం న్యాయమైనది. దాన్ని పక్కనపెట్టి పులి కోసం ఏడవడం నాకు చేతకాదు.

2018 మొదట్లో ఒకసారి కాల్చివేతకు ఉత్తర్వు వచ్చింది, కోర్టులో ఆగింది. ఆగస్టు చావుల తర్వాత సెప్టెంబర్ 4న మళ్లీ ఉత్తర్వు ఇచ్చారు. బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి దాన్ని ఆపలేదు. సెప్టెంబర్ 11న సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోనంది. ఉత్తర్వులో ఉన్న మాట మాత్రం స్పష్టం. ముందు మత్తు ఇచ్చి పిల్లలనూ తల్లినీ పట్టుకోవాలి, అది ఏ రకంగానూ కుదరకపోతేనే కాల్చాలి. అప్పటికి అవనికి ఏడాది కూడా నిండని పిల్లలు రెండున్నాయి.

అక్కడి నుంచి రెండు నెలలు సాగింది వేట. అన్నాళ్లూ ఉన్న చిక్కు ఒకటే, ఆమె ఉన్న చోటికి చేరే దారి లేకపోవడం. దాదాపు 200 మంది సిబ్బంది, తొంభైకి పైగా ట్రాప్ కెమెరాలు, డ్రోన్లు ఉన్నాయి. తెల్లవారుజామున దుమ్ము మీద అడుగుజాడలు చూసేవాళ్లు, మంచెల మీద కూర్చునేవాళ్లు, ఎరలు కట్టేవాళ్లు ఉన్నారు. కెమెరాలో బొమ్మ పడేది. ఆ చోటికి వెళ్లేసరికి పులి రెండు గుట్టల అవతల ఉండేది. జీపు బండ్ల బాట దాటి పోలేదు. కాలినడకన లాంటానాలోకి దూరిన మనిషికి నాలుగడుగుల దూరంలో ఏముందో కనబడదు. పైనుంచి చూసే డ్రోన్‌కు ఆకుల కింద ఉన్నది చిక్కదు.

మత్తు సూది వ్యవహారం తూటా వ్యవహారం లాంటిది కాదు. తూటా దూరం నుంచి పోతుంది. సూదికి పులి దగ్గరగా, పక్కకు తిరిగి, కొమ్మలు అడ్డులేకుండా కనబడాలి. బరువును అంచనా వేసి మందు కలపాలి. సూది దిగాక కూడా పులి వెంటనే పడిపోదు, కొన్ని నిమిషాలు నడుస్తుంది. ఆ నిమిషాల్లో దాని వెంట వెళ్లగలగాలి. లేకపోతే వాగులో పడి చచ్చిపోవచ్చు, మత్తు తేలిపోయి మీదికి తిరగనూవచ్చు. అందుకే చీకట్లో ఆ పని చేయకూడదు, పక్కన పశువైద్యుడు ఉండి తీరాలి. ఇవన్నీ రాసిపెట్టి ఉన్న నిబంధనలే.

లాంటానాలోకి దారి చేసుకుని పోగలిగేది ఏనుగు ఒక్కటే. ఏనుగును చూసి పులి అంతగా బెదరదు, పైన కూర్చున్న వైద్యుడికి చూపు దొరుకుతుంది. మధ్యప్రదేశ్ నుంచి నాలుగు ఏనుగులు వచ్చాయి. చంద్రపూర్ నుంచి, తాడోబా శిబిరంలో ఉండే గజరాజ్ వచ్చింది. ఆ ఏనుగుల మీద అందరికీ ఆశ ఉండేది. అక్టోబర్ 3 తెల్లవారకముందే గజరాజ్ గొలుసు తెంపుకుని ఊళ్ల మీదికి పోయింది. చహండ్ గ్రామంలో ఒక మహిళను తొక్కి చంపింది, పోహనాలో ఒక మనిషిని గాయపరిచింది. పులి చేతిలో ఎవరూ చావకుండా చూడటానికి తెచ్చిన ఏనుగు చేతిలో ఒక మనిషి పోయింది. ఈ మొత్తం గాథలో నాకు అన్నిటికంటే మింగుడుపడనిది ఆ చావే. పత్రికల్లో ఆమెకు దక్కింది ఒకటి రెండు వాక్యాలు. ఏనుగులన్నిటినీ వెనక్కి పంపేశారు. దానితో అడవిలోకి వెళ్లే ఒకే ఒక్క మంచి దారి మూసుకుపోయింది.

అప్పుడు వేట హైదరాబాద్ వేటగాడు షఫత్ అలీ ఖాన్ బృందం చేతుల్లోకి పూర్తిగా వచ్చింది. అంతకుముందు కూడా అతణ్ని పిలిచారు, అభ్యంతరాలు రావడంతో పక్కన పెట్టారు, మళ్లీ పిలిచారు. పారాగ్లైడర్ ఎగిరింది. ఇటలీ జాతి కేన్ కోర్సో వేటకుక్కలు రెండు వచ్చాయి. కెల్విన్ క్లెయిన్ అబ్సెషన్ అనే సెంటు వాసనకు పెద్దపిల్లులు ఆకర్షించబడతాయని అమెరికాలో జరిగిన ప్రయోగాల గురించి విని, దాన్ని కూడా చెట్ల దగ్గర చల్లారు. ప్రపంచమంతా పత్రికలు ఆ సెంటు గురించే రాశాయి. వాటిలో ఏదీ అవని దగ్గరికి దారి చూపలేదు.

చివరికి దొరికిన దారి మామూలు రోడ్డు. పులి కూడా రోడ్డు మీద నడుస్తుంది. లాంటానాలో ఒళ్లు గీసుకుంటూ పోవడం కన్నా బాట మీద నడవడం దానికీ హాయి. నవంబర్ 2 శుక్రవారం రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో బోరాటి, వరుడ్ గ్రామాల మధ్య రోడ్డు మీదికి అవని వచ్చింది. పైకప్పు లేని జీపులో వెళ్తున్న బృందానికి ఎదురైంది. జీపులో షఫత్ అలీ ఖాన్ కొడుకు అస్గర్ అలీ ఖాన్ ఉన్నాడు, అటవీ సిబ్బంది ఉన్నారు. పశువైద్యుడు లేడు. మత్తు సూది వేశామని, పులి గాండ్రించి మీదికి వచ్చిందని, ప్రాణరక్షణకే కాల్చామని వాళ్లు చెప్పారు.

జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ వేసిన కమిటీ ఆ మాటను ఒప్పుకోలేదు. తూటా తగిలేటప్పుడు పులి వాళ్లకు ఎదురుగా లేదని, అటు తిరిగి ఉందని తేల్చింది. తొడలో ఉన్న సూది గన్నుతో పేల్చినట్టు లేదని, తర్వాత చేత్తో గుచ్చినట్టుందని రాసింది. సూదిలోని మందు కలిపి 56 గంటలు దాటింది, అది 24 గంటల్లో వాడాల్సిన మందు. నాగపూర్‌లోని గోరేవాడలో జరిగిన పోస్ట్‌మార్టంలో పొట్ట ఖాళీగా ఉంది. నాలుగైదు రోజులుగా ఆమె ఏమీ తినలేదు.

రెండు నెలలు 200 మందికి చిక్కకుండా, ఇద్దరు పిల్లలను వెంటేసుకుని తిరిగిన తల్లి ఆకలితో రోడ్డెక్కిందన్న మాట.

మర్నాడు బోరాటి చుట్టుపక్కల ఊళ్లలో టపాసులు కాల్చారు, మిఠాయిలు పంచారు. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. నగరాల్లో కొవ్వొత్తులు పట్టుకుని జనం ఊరేగారు. కేంద్రమంత్రి మేనకా గాంధీ దీన్ని హత్య అన్నారు. చంద్రపూర్ నాయకుడు, అప్పటి రాష్ట్ర అటవీమంత్రి సుధీర్ ముంగంటివార్ తన శాఖను సమర్థించుకున్నారు. కోర్టు ధిక్కారం కింద ఒక పిటిషన్ 2021లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అక్కడ ముందుకు సాగలేదు. టపాసులు కాల్చిన వాళ్లను నేను తప్పుపట్టలేను. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాడికి ఆ రాత్రి నిద్ర పట్టి ఉంటుంది.

పిల్లల కథ ఇంకా మిగిలింది. ఆడపిల్ల డిసెంబర్ 22న పట్టుబడింది. అప్పుడు మళ్లీ ఏనుగులను తెచ్చారు, పగటిపూట పనిచేశారు, సూది వేశారు, పిల్ల ప్రాణాలతో చేతికి వచ్చింది. తల్లి విషయంలోనూ ఇలాగే చేసి ఉండాల్సింది. మగపిల్ల దొరకలేదు. ఆడపిల్లను పెంచ్ పులుల అభయారణ్యంలో పెద్ద ఆవరణలో ఉంచి వేట నేర్పించారు. 2021 మార్చిలో అడవిలోకి వదిలారు. వారం పైచిలుకు గడిచిందో లేదో, అక్కడ అప్పటికే రాజ్యమేలుతున్న ఇంకో ఆడపులితో పోరులో గాయపడి చనిపోయింది. తల్లి వెంట ఇంకో ఏడాది తిరిగి ఉంటే ఏ హద్దు దాటకూడదో, ఎవరి వాసన తగిలితే పక్కకు తప్పుకోవాలో నేర్చుకునేది. ఆవరణలో మేకలను చంపడం నేర్పవచ్చు గాని, ఆ సంగతి మనిషి నేర్పగలిగేది కాదు.

అవని పోయిన రెండేళ్లకు పక్కనున్న చంద్రపూర్ జిల్లాలో అదే పరీక్ష మళ్లీ వచ్చింది. రాజురా అడవుల్లో ఆర్‌టీ-1 అనే మగపులి. రాజురా ఒకప్పుడు నిజాం రాజ్యంలోది, ఆదిలాబాద్‌తో కలిసి ఉండేది. ఇప్పటికీ అక్కడి ఊళ్లలో తెలుగు వినబడుతుంది. 2019 జనవరి నుంచి ఆ పులి 8 మందిని చంపింది. రైతులు రోడ్డెక్కారు, కాల్చెయ్యమన్నారు. అక్కడా 200 మంది సిబ్బంది, అక్కడా నూటయాభైకి పైగా కెమెరాలు. నెలల తరబడి ఆ పులి కూడా చిక్కలేదు. కానీ ఎవరూ రాత్రివేళ తుపాకీతో రోడ్డెక్కలేదు. 2020 అక్టోబర్ 27న రైలు పట్టాల దగ్గర పులి వచ్చిపోయే చోట బోను సిద్ధంచేసి పట్టుకున్నారు. గోరేవాడకు తరలించారు. అడవికి తిరిగి వెళ్లలేకపోవడం కూడా పులికి నష్టమే. అయినా అది బతికింది, ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. అదే మనుషులు, అలాంటి నేల. తేడా అంతా ఓపికలో ఉంది.

ఇది మహారాష్ట్ర గొడవ అని మనం అనుకోవడానికి లేదు. రాజురా పులి పట్టుబడిన మరుసటి నెలలోనే, 2020 నవంబర్‌లో, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు పులి దాడిలో చనిపోయారు. వాళ్లలో ఒక అమ్మాయి పత్తి చేనులో ఉండగానే పోయింది. 2024 నవంబర్‌లో కాగజ్‌నగర్ దగ్గర మరో యువతి పత్తి ఏరుతూ చనిపోయింది. యవత్మాల్‌లోని తిప్పేశ్వర్ అభయారణ్యం నుంచి, తాడోబా నుంచి పులులు పెన్‌గంగ, ప్రాణహిత దాటి వస్తూనే ఉన్నాయి, వస్తాయి. మొదటి చావు జరిగాక వేటగాళ్ల కోసం వెతకడం కాదు చేయాల్సింది. పత్తి ఏరే కాలానికి ముందే ఆసిఫాబాద్, ఆదిలాబాద్ జిల్లాలకు సొంత పశువైద్యుడు, సూది వేయడం తెలిసిన బృందం, ప్రతి వాగూ బాటా తెలిసిన కోలాం, గోండు యువకులు జీతం మీద ఉండాలి. చేలకు గుంపులుగా పోయేవాళ్లకు కాపలా ఉండాలి. ఈ ఏర్పాటు కోసం ఆ రెండు జిల్లాల ప్రజాప్రతినిధులను ఈ ఏడే నిలదీయండి.