ఏడేళ్ళ లెక్క

రహమత్ నగర్‌లో మా పిన్నిది ఎనభై గజాల ఇల్లు. బాబాయి రూపాయి రూపాయి కూడబెట్టి కట్టింది. ఆయన పోయిన మరుసటేడు చిన్నవాడు "ఔట్‌డోర్ షూటింగుకి వెళ్తున్నానమ్మా" అని కృష్ణానగర్ స్నేహితులతో బస్సెక్కాడు. అంతే! తొమ్మిదేళ్ళయింది.

ఇప్పుడు ఇల్లు అమ్మక తప్పదు. బేరం కుదిరింది. పిన్ని, పెద్దవాడు, అమ్మాయి సంతకాలకు సిద్ధం. నాలుగో సంతకం ఏదీ?

వీలునామా రాయకుండా పోయిన మగవాడి స్వార్జితంలో భార్యకీ, కొడుకులకీ, కూతుళ్ళకీ సమాన వాటా అని 1956 హిందూ వారసత్వ చట్టం. (ఈ సంగతి కొందరు అన్నదమ్ములకి ఇంకా చేరలేదనుకోండి, అది వేరే కథ.) ముగ్గురూ కలిసి అమ్మినా ముప్పావు ఇల్లే అమ్మగలరు. ముప్పావు ఇల్లు ఎవరు కొంటారు?

ప్లీడరుగారు తేలిగ్గా అన్నారు: "ఏడేళ్ళు దాటాయి కదమ్మా! చనిపోయినట్టు ప్రకటించమని దావా వేద్దాం. అబ్బాయికి పెళ్ళి కాలేదు కనక అతని పావు వాటా తల్లిగా మీకే వస్తుంది."

"వాడు లేడని నేను సంతకం పెట్టి, ఆ డబ్బు నేనే తీసుకోనా?" అంది పిన్ని.

ఈ ఏడేళ్ళ లెక్క ఎక్కడిదా అని ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను. మన పాత ధర్మశాస్త్రం లెక్క పన్నెండేళ్ళు. అప్పటికీ రాకపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేసేవారు. పిన్ని ఎదురింటి ముస్లిం కుటుంబానికి హనఫీ సంప్రదాయం చెప్పే లెక్క ఇంకా పెద్దది. మనిషి పుట్టి తొంభై ఏళ్ళు నిండేదాకా ఆస్తి విషయంలో బతికున్నట్టే! ఏడేళ్ళు మాత్రం ఇంగ్లీషువాళ్ళ సరుకు. ఫలానా మనిషి బతికున్నంతకాలం అని భూమిని కౌలుకిచ్చేవారు. ఆ మనిషి సముద్రం దాటిపోయి ఏడేళ్ళు కబురు లేకపోతే పోయినట్టే లెక్కించి, భూమి ఆసామికి ఇప్పించమని 1666లో చట్టం చేశారు. భూస్వాముల అవసరానికి వాడుకున్న లెక్కన్నమాట! అదే 1872 సాక్ష్య చట్టంతో మన దేశానికొచ్చింది. ముస్లిములకీ అదే వర్తిస్తుందని 1884లో అలహాబాదు హైకోర్టు అంది. 2024 జూలై నుంచి అమలైన కొత్త చట్టంలోనూ ఏడే. అయితే ఏ రోజున పోయాడో మాత్రం ఊహించడానికి వీల్లేదని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. మరి తద్దినం ఏ తిథికి పెట్టాలిట?

మర్నాడు మళ్ళీ ప్లీడరుగారి దగ్గరికి వెళ్ళాం. ఇంకో దారి ఉందిట. పంచడానికి వీలుకాని ఆస్తిని కోర్టు అమ్మించి డబ్బు పంచే ఏర్పాటు 1893 చట్టంలోనే ఉంది. చిన్నవాణ్ణి బతికున్న ప్రతివాదిగానే చూపించి, వాడి వాటా కోర్టులో జమ చేయించమని అడగొచ్చు. కాకపోతే ఆలస్యం. కొనేవాడు ఆగడని పెద్దవాడు విసుక్కున్నాడు. పిన్ని మాత్రం అదే కావాలంది.

"అడ్రసు తెలీదు గనక నోటీసు పేపర్లో వేయిస్తారు" అన్నారు ప్లీడరుగారు.

పిన్ని మొహం విప్పారింది. "పేపర్లో వాడి పేరు పడుతుందా? వాడు సినిమా పేజీ తప్ప ఇంకోటి చదవడు. ఆ పేజీలో వేయించండి బాబూ!"